బొమ్మ ఆగిందా? డ్రోను ఆగిందా?

శ్రావణమాసం. డాలస్ నగర శివార్లలో ఒక తెలుగు కుటుంబం గృహప్రవేశం. పాలు పొంగించడం, సత్యనారాయణ వ్రతం ముగిసి భోజనాల వేళ అయింది. పదహారేళ్ళ మనవడు ఇంటి ముందరి పచ్చికలో నిలబడి తన చిన్న డ్రోనును పైకి లేపాడు. కొత్త ఇంటిని ఆకాశం నుంచి చూపించాలని అతని ఉబలాటం. విజయవాడలో అర్ధరాత్రి కావస్తున్నా పెదనాన్నగారి కుటుంబం వీడియో కాల్‌లో కాచుకొని ఉంది. ఫోను తెరపై కుర్రవాడికి కనిపించేదంతా వారికీ కనిపించే ఏర్పాటు చేశాడు. మొదటి రెండు మూడు నిమిషాలు దృశ్యం ప్రవాహంలా సాగింది. తరువాత తడబడసాగింది. కెమెరా మెల్లగా తిరుగుతున్నా తెరపై ఇల్లు అంగలు వేస్తున్నట్లు కదిలింది. డ్రోను ఇంటి వెనుకకు చేరేసరికి బొమ్మ గళ్ళు గళ్ళుగా విడిపోయి, చివరకు కదలకుండా నిలిచిపోయింది.

"తాతయ్యా, ఆగిపోయింది!" అన్నాడు కుర్రవాడు.

"ఏది నాన్నా, బొమ్మ ఆగిందా, డ్రోను ఆగిందా?" అని అడిగారు తాతగారు.

ఆగింది బొమ్మ మాత్రమే. కుర్రవాడి బొటనవేలు రిమోటు పుల్ల మీదే ఉంది. డ్రోను ఆ ఆజ్ఞను శిరసావహించి ముందుకు సాగిపోయి, పెరటి వెనుక ఉన్న ఓక్ చెట్టు కొమ్మలకు తగిలి, పక్కింటివారి పిల్లల ఊయలకు నాలుగడుగుల దూరంలో పడింది. ఆ సమయానికి ఊయలలో ఎవరూ లేరు.

విదేశాలలోని మన కుటుంబాలలో కెమెరా డ్రోను ఇప్పుడు అరుదైన వస్తువు కాదు. పుట్టినరోజుకు బహుమతిగా వస్తుంది, వనభోజనాలకు వెంట వెళుతుంది. దృశ్యం తడబడినప్పుడు చాలామంది డ్రోను చెడిపోయిందని తిరిగి ఇచ్చివేస్తారు. లేదా ఇంకా ఖరీదైనది కొంటారు. నిజానికి ఆ బొమ్మ కెమెరా నుంచి కంటికి చేరేలోగా అరడజను చేతులు మారుతుంది. వాటిలో ఏ చేయి జారిందో తెలుసుకోవడం కష్టం కాదు. తెరను కొంచెం ఓపికగా చదవడం, ఒకసారికి ఒక్క మార్పు మాత్రమే చేసి చూడడం వస్తే చాలు.

బొమ్మ చేసే ప్రయాణం

డ్రోను కెమెరా పంపే ప్రత్యక్ష దృశ్యం సాధారణంగా 1280 చుక్కల వెడల్పు, 720 చుక్కల ఎత్తు ఉంటుంది. చుక్కల ముగ్గు వేసినవారికి ఈ లెక్క సులభంగా బోధపడుతుంది. ఒక్క బొమ్మలో 9,21,600 చుక్కలు. ప్రతి చుక్క రంగును చెప్పడానికి 24 బిట్లు. సెకనుకు 30 బొమ్మలు. గుణిస్తే సెకనుకు 66 కోట్లకు పైగా బిట్లు. ఇంత సమాచారాన్ని అరచేతిలో పట్టే యంత్రంలోని బుల్లి ట్రాన్స్‌మిటరు మోయలేదు. అందువలన డ్రోనులోని చిప్ దానిని సుమారు నూరవ వంతుకు కుదిస్తుంది. వెనుకటి రోజుల్లో టెలిగ్రాం ఇచ్చేవారు మాటకు ఇంత అని రుసుము గనుక అర్థం చెడకుండా మాటలు తగ్గించేవారు. ఇక్కడా అదే పొదుపు.

ఆ పొదుపు రెండు విధాలుగా జరుగుతుంది. మొదటిది, బొమ్మను చిన్న గళ్ళుగా కోసి, ఒక్కొక్క గడిలోని వెలుగునీడలను మెల్లని మార్పులు, సన్నని మార్పులు అని వేరుచేయడం. మన కన్ను మెల్లని మార్పులనే బాగా పట్టుకుంటుంది; సన్నని నగిషీ కొంత పోయినా గుర్తించదు. కాబట్టి దానిని వదలివేయవచ్చు. ఈ వేరుచేసే గణితానికి డిస్క్రీట్ కొసైన్ ట్రాన్స్‌ఫార్మ్ అని పేరు. దీనిని 1974 జనవరిలో ముగ్గురు కలిసి ప్రకటించారు: బెంగుళూరులో పుట్టిన నసీర్ అహ్మద్, ఆయన శిష్యుడు టి. నటరాజన్, కామిశెట్టి రామమోహనరావు. మూడవ పేరు తెలుగు చెవికి పరాయిది కాదు. ఆయన డాలస్ పక్కనే ఉన్న ఆర్లింగ్టన్‌లో, టెక్సాస్ విశ్వవిద్యాలయంలో దశాబ్దాలపాటు పాఠాలు చెప్పి, 2021లో కన్నుమూశారు. మనం పంపుకొనే జేపెగ్ ఛాయాచిత్రాలు మొదలు డ్రోను దృశ్యం వరకు అన్నీ ఆ గణితం మీదనో, దాని సంతానం మీదనో నిలిచినవే. గృహప్రవేశం నాడు కుర్రవాడి తెర మీద కనిపించిన గళ్ళు ఆ గళ్ళే. సమాచారం అరకొరగా అందినప్పుడు గడుల మధ్య కుట్లు ఊడి బయటపడతాయి.

రెండవ పొదుపు కాలానికి సంబంధించినది. వాకిట్లో ముగ్గు ఒకసారి పూర్తిగా వేశాక, మరునిమిషంలో ఏమి మారిందో చెప్పడానికి ముగ్గంతా మళ్ళీ వేయనక్కరలేదు. "ఈశాన్యం మూల పువ్వుకు ఎరుపు నింపారు" అంటే చాలు. డ్రోను కూడా అప్పుడప్పుడు ఒక సంపూర్ణమైన బొమ్మ పంపి, మధ్యలో మార్పులు మాత్రమే పంపుతుంది. చిక్కు ఇక్కడే ఉంది. నడుమ ఒక్క మార్పు దారిలో పోతే, దాని తరువాతివన్నీ తప్పు బొమ్మ మీద అతుక్కుంటాయి. మళ్ళీ సంపూర్ణమైన బొమ్మ అందేదాకా తెర మీద చెట్లు సాగుతాయి, గోడలు కరుగుతాయి. క్షణం పాటు పోయిన సంకేతం అంతకంటె ఎక్కువసేపు కంటికి కనిపించడానికి కారణం ఇదే.

ఇలా కుదించిన సమాచారం రేడియో తరంగాలపై రిమోటుకు చేరుతుంది. రిమోటు నుంచి కేబులు ద్వారా ఫోనుకు చేరుతుంది. చౌకరకం డ్రోనులలో రిమోటు ప్రమేయం లేకుండా వైఫై ద్వారా నేరుగా ఫోనుకే వస్తుంది. ఫోను ఆ పొదుపునంతా విప్పి, బొమ్మను తిరిగి అల్లి తెరకెక్కిస్తుంది. ఇన్ని పనులకు పట్టే సమయం మంచి పరికరాలలో సెకనులో అయిదవ వంతు అటూ ఇటూ. అంటే తెర మీద చూస్తున్నది ఎప్పుడూ గతమే. సెకనుకు 10 మీటర్ల వేగంతో పోతున్న డ్రోను, తెరపై కనిపించిన చోటికి అప్పటికే 2 మీటర్లు ముందున్నది. బొమ్మ ఒక్క సెకను స్తంభిస్తే 10 మీటర్లు. ఓక్ చెట్టుకు అంతకంటె ఎక్కువ దూరం అవసరం లేకపోయింది.

అందుచేత మరమ్మతు సంగతికి ముందు, గాలిలో ఉండగా బొమ్మ తడబడితే ఏమి చేయాలో చెప్పుకోవాలి. వేళ్ళు పుల్లల మీద నుంచి తీసివేయాలి. జీపీఎస్ ఉన్న డ్రోను ఉన్నచోటనే నిలబడుతుంది. తల ఎత్తి ఆకాశంలో దానిని వెదకాలి. కనిపిస్తే తెరను మరచి కంటితోనే వెనుకకు తేవాలి. కనిపించకపోతే ఇంటికి రప్పించే మీట నొక్కాలి. అయితే ఆ మీట నొక్కినప్పుడు డ్రోను ముందుగా నిర్ణయించిన ఎత్తుకు లేచి, సరళరేఖలో వస్తుంది. ఆ ఎత్తు చుట్టుపక్కల చెట్ల కంటె ఎక్కువ ఉండేటట్లు ఎగురవేయక ముందే పెట్టుకోవాలి. "సంకేతం పోతే అదే తిరిగి వస్తుంది కదా" అని చాలామంది ధీమా. కానీ రిమోటు ఇచ్చే ఆజ్ఞలకు కావలసిన సమాచారం అత్యల్పం; బొమ్మకు కావలసినది లక్షల బిట్లు. చీమ దూరే సందులో ఏనుగు పట్టదు. బొమ్మ పూర్తిగా పోయినా ఆజ్ఞలు చక్కగా అందుతూనే ఉండవచ్చు. అప్పుడు డ్రోను తనంతట తాను తిరిగి రాదు. గృహప్రవేశం నాడు జరిగినది సరిగ్గా ఇదే.

తెరను చదవడం

తడబాటు అంతా ఒక్క రకం కాదు. బొమ్మ స్పష్టంగానే ఉండి, అంగలు వేస్తూ కదులుతుంటే, ఫోను అందిన దానిని సమయానికి విప్పలేకపోతున్నదని మొదట అనుమానించాలి. బొమ్మ మసకబారి, గళ్ళు పడి, రంగులు చెదిరితే రేడియో దారిలో సమాచారం నష్టపోతున్నది. తెర ఉన్నట్టుండి నల్లబడి, రెండు మూడు సెకన్లలో తిరిగి వస్తుంటే కేబులు కదులుతున్నదేమో చూడాలి. వైఫై డ్రోనులలో మాత్రం ఈ గుర్తులు కొంత కలగలసిపోతాయి. వైఫై పద్ధతిలో అందని ముక్కను మళ్ళీ మళ్ళీ పంపుతారు. అందువలన గళ్ళు తక్కువగా, ఆగి ఆగి సాగడం ఎక్కువగా ఉంటుంది.

అన్నిటికంటె విలువైన సాక్ష్యం డ్రోనులోని మెమరీ కార్డు. అందులో నమోదైన వీడియో గాలిలో ప్రయాణించినది కాదు. దానిని కంప్యూటరులో వేసి చూస్తే, నున్నగా సాగుతుంటే కెమెరా నిర్దోషి; లోపం కెమెరాకు, కంటికి మధ్యనే ఉంది. నమోదైన వీడియో కూడా ఎగిరి ఎగిరి పడుతుంటే రెండు సంగతులు చూడాలి. మొదటిది కార్డు వేగం. 4కె వీడియో సెకనుకు 100 మెగాబిట్ల చొప్పున వస్తే కార్డు సెకనుకు పన్నెండున్నర మెగాబైట్లు రాయగలగాలి. వి30 అని ముద్ర ఉన్న కార్డు సెకనుకు 30 మెగాబైట్ల కనీస వేగానికి హామీ ఇస్తుంది. రెండవది, పాత కంప్యూటరుకే 4కె వీడియో ఆడించే శక్తి లేకపోవచ్చు; మరొక యంత్రంలో చూశాకనే కార్డును నిందించాలి. కొన్ని బొమ్మల దుకాణపు డ్రోనులు వీడియోను ఫోనులోనే భద్రపరుస్తాయి. వాటిలో ఈ పరీక్ష చెల్లదు. గాలిలో చెడినదే ఫోనులోకి ఎక్కుతుంది.

గృహప్రవేశం నాటి సాయంత్రమే తాతగారు కార్డు తీయించి చూశారు. చెట్టు కొమ్మ కెమెరాను తాకే క్షణం వరకు వీడియో నున్నగా ఉంది.

ఫోను మోసే బరువు

ఫోను మీద అనుమానం తీరాలంటే సులువైన పరీక్ష ఉంది. రెక్కలు తీసివేసి, డ్రోనును ఆరుబయట బల్ల మీద పెట్టి, పది పదిహేను అడుగుల దూరంలో రిమోటు పట్టుకొని నిలబడాలి. మధ్య అడ్డం లేదు, దూరం లేదు. అప్పుడు కూడా బొమ్మ తడబడితే దోషం ఫోనుదో, కేబులుదో, డ్రోనుదో అయి ఉండాలి. ఫోను మార్చి చూడాలి. తరువాత కేబులు మార్చి చూడాలి. రెండూ ఒకేసారి మార్చకూడదు. ఈ పరీక్ష అయిదారు నిమిషాలు మించకూడదు. ఎగిరేటప్పుడు గాలి తగిలి చల్లబడే డ్రోను, నేల మీద కదలకుండా ఉంటే త్వరగా వేడెక్కి, ఆ వేడి వల్లనే పనిచేయడం మానవచ్చు.

కేబులు విషయంలో ఒక మెలిక ఉంది. కొన్ని కేబుళ్ళలో ఛార్జింగుకు కావలసిన తీగలే ఉంటాయి. సమాచారపు తీగలు ఉండవు. అది బిగిస్తే ఫోను ఛార్జ్ అవుతుంది గాని బొమ్మ రాదు. బొమ్మ వచ్చి పోతుంటే మాత్రం దోషం తీగలో కంటె కొసలలో ఎక్కువ: ఫోను రంధ్రంలో చేరిన జేబు నూలు, వదులైన కొస, లావు తొడుగు అడ్డుపడి పూర్తిగా లోపలికి పోని కొస. పుల్లతో మెల్లగా నూలు తీసినంతనే బాగుపడిన డ్రోనులు కొన్ని ఉంటాయి.

వైఫై డ్రోనులలో ఫోను అతి తెలివి మరొక చిక్కు తెచ్చిపెడుతుంది. డ్రోను వైఫైకి ఇంటర్నెట్ ఉండదు. ఫోను ఆ సంగతి కనిపెట్టి, యజమానికి మేలు చేస్తున్నానని అనుకొని, ఇంటి వైఫైకో మొబైల్ డేటాకో గెంతుతుంది. బొమ్మ ఆగుతుంది. ముందుగా ఫోనును విమానపు మోడ్‌లో పెట్టి, వైఫై మాత్రం తిరిగి తెరచి, ఇంటర్నెట్ లేకున్నా ఇదే ఉంచమని చెప్పాలి. వీపీఎన్ ఉంటే ఆపాలి.

ఇక వేడి. దీని మీద కొంచెం ఎక్కువ చెప్పుకోవాలి, ఎందుకంటే టెక్సాసులో గాని గల్ఫ్ దేశాలలో గాని ఉన్నవారికి ఇదే ప్రథమ శత్రువు. ఐఫోనును 0 నుంచి 35 డిగ్రీల సెల్సియస్ వాతావరణంలో వాడాలని తయారీదారు సూచన. డాలస్‌లో ఆగస్టు మధ్యాహ్నం నీడలోనే అంతకు మించుతుంది. వేడెక్కిన ఫోను తనను తాను కాపాడుకోవడానికి చిప్ వేగం తగ్గిస్తుంది, తెర వెలుగు తగ్గిస్తుంది. వెలుగు తగ్గిందని ఎండలో మనం దానిని పెంచుతాము. అది మరింత వేడి. ఆనాడు కుర్రవాడి ఫోను ఒకేసారి ఎన్ని పనులు మోసిందో లెక్కించవచ్చు. డ్రోను బొమ్మను విప్పుతున్నది. ఆ తెరను తిరిగి కుదించి విజయవాడకు పంపుతున్నది. పెదనాన్నగారి బొమ్మను విప్పి మూలలో చూపుతున్నది. తెర పూర్తి వెలుగులో ఉంది. రబ్బరు తొడుగు వేడిని బయటికి పోనివ్వడం లేదు. చాలదన్నట్లు రిమోటు తన బ్యాటరీతో ఫోనును ఛార్జ్ చేస్తున్నది. దృశ్యం రెండు మూడు నిమిషాలు బాగా ఉండి తరువాత తడబడటం వేడికి గట్టి ఆనవాలు.

తొడుగు తీయాలి. రిమోటు ఫోనును ఛార్జ్ చేయకుండా ఆపే అవకాశం ఉంటే ఆపాలి. ఎగురవేసే ఆప్ నమోదు చేస్తున్న వీడియోకు ఫోనులో ఒక నకలు దాచుకొనే అలవాటు ఉంటే దానిని మాన్పించాలి. తెర నమోదు చేయడం, బ్యాటరీ పొదుపు మోడ్, వెనుక తెరచి ఉన్న ఆటలు, పాటలు అన్నీ మూయాలి. స్వదేశంలోని బంధువులకు చూపాలంటే కార్డులోని వీడియోను తరువాత పంపడమే మేలు. అది ప్రత్యక్ష దృశ్యం కంటె స్పష్టంగానూ ఉంటుంది. ప్రత్యక్షంగానే చూపి తీరాలంటే, తెర నున్నగా ఉండి అవతలివారికి మాత్రమే తడబడుతుంటే డ్రోనును తడిమి లాభం లేదు. లోపం ఇంటర్నెట్‌లో ఉంది.

గాలిలో దారి

చాలా డ్రోనులు 2.4 గిగాహెర్ట్జ్, 5.8 గిగాహెర్ట్జ్ ప్రాంతాలలో మాట్లాడతాయి. మొదటి దాని తరంగదైర్ఘ్యం పన్నెండున్నర సెంటీమీటర్లు, రెండవ దానిది అయిదు పైచిలుకు. అమెరికాలో ప్రసార సాధనాలను నియంత్రించే ఎఫ్‌సీసీ 1985లో ఈ ప్రాంతాలను లైసెన్సు అక్కరలేని కొత్త తరహా రేడియోలకు తెరిచింది. వైఫై, బ్లూటూత్ అక్కడే పెరిగాయి. ఇది ఊరుమ్మడి చెరువు వంటిది: అందరికీ హక్కు ఉంది, ఎవరికీ ప్రత్యేక హక్కు లేదు. ఇతరుల వల్ల కలిగే అంతరాయాన్ని సహించాలన్నది అక్కడి నిబంధన. గృహప్రవేశం వేళ ఆ చెరువు ఎలా ఉంటుందో ఊహించవచ్చు. అతిథుల ఫోనులు, గడియారాలు, ఇంటి వైఫై, ఇరుగుపొరుగు వైఫైలు, వంటింట్లో సాంబారు వేడిచేస్తున్న మైక్రోవేవ్. ఆ పెట్టె పనిచేసేది కూడా 2.45 గిగాహెర్ట్జ్ వద్దనే. దాని తలుపు సందుల నుంచి జారే కొద్దిపాటి శక్తి దగ్గరలోని వైఫైని కలచగలదు.

రద్దీలో తప్పించుకోవడానికి మంచి డ్రోనులు ఒక పౌనఃపున్యం నుంచి మరొక దానికి గెంతుతూ ఖాళీ చోటు వెదుక్కుంటాయి. ఈ గెంతే ఉపాయానికి 1942లో పేటెంటు పొందినవారిలో ఒకరు హాలీవుడ్ నటి హెడీ లమార్, మరొకరు సంగీతకర్త జార్జ్ ఆంథైల్. వారు ఉద్దేశించినది టార్పీడోలను నడపడానికి. ఈ సదుపాయం ఉన్నచోట ఛానెలును మన చేత్తో బిగించకుండా యంత్రానికే వదలడం సాధారణంగా మంచిది. ఇళ్ళ మధ్య 5.8 తరచు ఖాళీగా ఉంటుంది; చెట్లు, గోడలు అడ్డున్నచోట 2.4 కొంత మెరుగు.

కాని రద్దీ కంటె ఎక్కువసార్లు దోషం నిలబడే చోటులోను, యాంటెన్నా పట్టే తీరులోను ఉంటుంది. కడ్డీ వంటి యాంటెన్నా శక్తి దాని కొస నుంచి బాణంలా వెలువడదు. ఒక గారెను ఊహించండి. యాంటెన్నా గారె చిల్లులో నిలబెట్టిన పుల్ల; ప్రసారబలం గారె ఉన్నచోట, అంటే పుల్ల ప్రక్కలకు వ్యాపిస్తుంది. కొస వైపు దాదాపు శూన్యం. తుపాకి గురిపెట్టినట్లు యాంటెన్నా కొసను డ్రోను వైపు చూపేవారు ఆ చిల్లును డ్రోనుకు చూపుతున్నారన్న మాట. కొస కాక ప్రక్క భాగం డ్రోను వైపు ఉండాలి. ఫోనును పైన బిగించే కొన్ని రిమోట్లలో యాంటెన్నాలు ఫోను పట్టే కొక్కెంలోనే దాగి ఉంటాయి. కొక్కేన్ని పూర్తిగా పైకి లాగి వాడాలి. మనిషి శరీరం చాలావరకు నీరు గనుక ఈ తరంగాలను మింగుతుంది. డ్రోనుకు వీపు పెట్టి నిలబడితే మనమే అడ్డుగోడ.

డ్రోను కంటికి కనిపిస్తున్నా బొమ్మ చెదిరే సందర్భాలు ఉంటాయి. రేడియో తరంగం సన్నని దారంలా పోదు. రెండు కొసల మధ్య మృదంగం ఆకారంలో, నడిమి లావుగా ఉన్న చోటంతా దానికి కావాలి. 300 మీటర్ల దూరంలో 2.4 గిగాహెర్ట్జ్ తరంగానికి ఆ మృదంగం నడుమ వ్యాసార్ధం దాదాపు 3 మీటర్లు. ఇంటికప్పును, చెట్ల తలలను రాసుకొనే దృష్టిరేఖ కంటికి చాలుతుంది, తరంగానికి చాలదు. డ్రోనును కొంచెం పైకి లేపినంతనే బొమ్మ కుదుటపడటం ఇందుకే. ఇక ఇల్లే అడ్డుపడితే చెప్పనక్కరలేదు. టెక్సాసు ఇళ్ళ అటకలలో ఎండవేడిమిని ఆపడానికి అల్యూమినియం పొర వేయడం సామాన్యం. ఆ పొర రేడియోకూ అద్దమే. వాన తడిసిన ఆకులు, కారు కప్పు, ఇనుప కంచె కూడా ఈ కోవకే చెందుతాయి. దూరం సంగతి అందరికీ తెలిసినదే: దూరం రెట్టింపైతే అందే శక్తి నాలుగవ వంతు.

పెట్టె మీద ముద్రించిన దూరాలు అడ్డంకి, అంతరాయం లేని మైదానంలో కొలిచినవి. పైగా దేశానికొక లెక్క. 2020లో వచ్చిన డీజేఐ మినీ 2కు అమెరికా నిబంధనల ప్రకారం 10 కిలోమీటర్లు, ఐరోపా నిబంధనల ప్రకారం 6 కిలోమీటర్లు అని తయారీదారు పేర్కొన్నారు. యంత్రం ఒకటే; ఐరోపాలో అనుమతించే ప్రసారశక్తి తక్కువ. డాలస్ మేనమామ పంపిన డ్రోను లండన్ మేనల్లుడి చేతిలో ముందుగా తడబడితే అది లోపం కాదు. సెలవులకు స్వదేశం వెళ్ళేవారు మరొకటి గమనించాలి: భారత ప్రభుత్వం 2022 ఫిబ్రవరిలో పరిశోధన, రక్షణ, భద్రతా అవసరాలకు తప్ప విదేశీ డ్రోనుల దిగుమతిని నిషేధించింది. సూట్‌కేసు సర్దే ముందే కస్టమ్స్ నిబంధన చూసుకోవడం మేలు.

ఇన్నీ చూశాక కూడా పది అడుగుల దూరంలో, చల్లని పూట, రెండు ఫోనులతోనూ బొమ్మ చెదురుతుంటే అప్పుడు డ్రోనును అనుమానించవచ్చు. ఎన్నడో పడినప్పుడు కాలులోని యాంటెన్నా తీగ ఊడి ఉండవచ్చు. ఆప్‌ను, డ్రోను లోపలి సాఫ్ట్‌వేరును తాజా చేసి, తరువాతనే మరమ్మతుకు పంపాలి.

ఆ డాలస్ ఇంట్లో అంత దూరం పోలేదు. మరుసటి శనివారం ఉదయం ఏడు గంటలకు, విరిగిన రెక్కలు మార్చి, తాతామనవలు పరీక్షకు దిగారు. చల్లని పూట ఇంటి ముందర బొమ్మ తడబడలేదు. కుర్రవాడి ఫోనుతోనూ, అమ్మ ఫోనుతోనూ అంతే. మధ్యాహ్నం ఎండలో, తొడుగుతో, వీడియో కాల్‌తో కుర్రవాడి ఫోను నాలుగవ నిమిషంలో అంగలు వేయసాగింది. కాల్ లేని అమ్మ ఫోను వేయలేదు. ఇక ఇంటి ముందర నిలబడి డ్రోనును కప్పు వెనుకకు పంపగానే రెండు ఫోనులలోనూ, అదే చోట, అవే గళ్ళు. అంటే ఆనాడు దోషాలు రెండు. వేడి వల్ల వచ్చిన తడబాటుకు కుర్రవాడు అప్పటికే అలవాటుపడి ఉన్నాడు. ఇంటికప్పు అడ్డం వల్ల వచ్చిన గళ్ళను కూడా ఆ తడబాటే అనుకొని పుల్ల వదలలేదు.

డ్రోను కంటికి కనిపించే దూరంలోనే ఉండాలని అమెరికా కాంగ్రెసు 2018లో చేసిన చట్టం వినోదానికి ఎగురవేసేవారిని కూడా ఆదేశిస్తున్నది. ఆ చూపు ఎగురవేసేవారిది కావచ్చు, పక్కనే నిలబడి వారితో మాట్లాడుతున్న మరొకరిది కావచ్చు. ఆ మరొకరి ఉద్యోగం ఇప్పుడు తాతగారిది. అతిథులు లేని రోజు చూసి, తొడుగు తీసిన ఫోనుతో మనవడు పెరటి మూలకు చేరాడు. అక్కడి నుంచి ఇల్లు, ఓక్ చెట్టు, ఆకాశం మూడూ కనిపిస్తాయి. తాతగారు నుదుటికి చేయి అడ్డం పెట్టుకొని పైకి చూస్తూ అన్నారు:

"కుడివైపు కొమ్మ ఉంది నాన్నా. ఇంకొంచెం పైకి."